ఆపరేషన్ గదిలో లెక్కకు రాని మనిషి

కోవిడ్ హడావుడి సద్దుమణిగిన మరుసటి చలికాలంలో నన్ను డెట్రాయిట్ శివారులోని ఒక పెద్ద ఆసుపత్రికి ఇన్ఫెక్షన్ కంట్రోల్ మేనేజర్‌గా వేశారు. అదే విభాగంలో చాలాకాలం నర్సుగా చేసి ఆ కుర్చీలోకి వెళ్ళాను కాబట్టి పని కొత్త కాదు, హోదా మాత్రమే కొత్త. ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. మనుషుల పేర్లు మార్చాను.

మా విభాగం రోగులకు వైద్యం చేయదు. ఆసుపత్రిలో చేరేటప్పుడు లేని జబ్బు, చేరాక ఎవరికైనా అంటుకుంటే, అది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకుని ఆపడం మా పని. సగం నర్సు ఉద్యోగం, సగం పోలీసు ఉద్యోగం. అందుకే మేము వార్డులోకి అడుగుపెడితే నవ్వుతూ పలకరించేవాళ్ళు తక్కువ. చేతులు కడుక్కునే సింకు దగ్గర మాత్రం ఎక్కడలేని రద్దీ కనిపించేది.

గుండె ఆపరేషన్ల విభాగానికి చీఫ్ డాక్టర్ మాధవరావు గారు. గుంటూరులో చదివి, ఇక్కడికొచ్చి మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కినవారు. అమెరికా ఆసుపత్రిలో శిక్షణలో ఉన్న డాక్టరు రెసిడెంటు. సొంతంగా రోగి బాధ్యత తీసుకునేవాడు అటెండింగ్. వాళ్ళందరి మీదా చీఫ్. ఆయన పైన మెడికల్ డైరెక్టర్ ఒకరుండేవారు గానీ, అది కాగితం మీద మాటే. మాధవరావు గారు వద్దన్న పని ఆ అంతస్తులో జరిగేది కాదు. నిజం చెప్పాలంటే ఆయన వద్దన్నవి చాలావరకు వద్దనాల్సినవే. రోగుల మంచి కోసం ఎవరితోనైనా తగువుకు దిగేవారు. అర్ధరాత్రి పిలిచినా విసుక్కోకుండా వచ్చేవారు. నేను పాలకొల్లు దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సింగు నేర్చుకున్నదాన్ని. అక్కడ డాక్టరు లోపలికొస్తే లేచి నిలబడాలి. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆయన కనబడితే నా మోకాళ్ళు నన్నడక్కుండానే లేచేవి. ఆయన “కూర్చోండి సిస్టర్, ఇది పాలకొల్లు కాదు” అని ఆటపట్టించేవారు.

ఆయనకొక పిచ్చి ఉండేది, ప్రాచీన గ్రీకు విషాద నాటకాల పిచ్చి. నెలకోసారి మధ్యాహ్నం భోజనం వేళ కాన్ఫరెన్స్ గదిలో అందరికీ శాండ్‌విచ్‌లు తెప్పించి, ఒక నాటకం ఇంగ్లీషు అనువాదం పంచి, పాత్రలవారీగా పైకి చదివించేవారు. రెసిడెంట్లకి దూతలు, జోస్యులు, రాణులు. రాజు మాత్రం ఎప్పుడూ ఆయనే. మా నర్సులకు కోరస్. అంటే ఊరి పెద్దల గుంపు. రాజంటే భయపడుతూ, మధ్యలో ఓ మంచి మాట గొణిగి, ఎవరూ వినకపోతే చివర్లో ఏడ్చేవాళ్ళు. ఆ వేషం మాకు బాగా కుదిరిందని లోలోపల నవ్వుకునేవాళ్ళం.

చదవడం అయ్యాక ఆయన మాట్లాడేవారు. ఆ నాటకాల్లో రాజు దుర్మార్గుడు కాడు. ఊరంటే ప్రాణం పెట్టేవాడు. ఊరికి ఆపద వస్తే తెగించి ఒక ఆజ్ఞ జారీ చేస్తాడు. అది తిరిగొచ్చి ఆయన మెడకే చుట్టుకుంటుంది. అంతా విధి రాసిపెట్టినప్పుడు రాజు తప్పేముందని ఒక రెసిడెంటు అడిగితే, విధి మనిషిని తలుపు దాకా తీసుకొస్తుందనీ, తలుపు తట్టడమా తన్నడమా అన్నది మాత్రం అతని స్వభావమనీ చెప్పారు. ఆ తప్పుకు గ్రీకులో హమార్షియా అని పేరట. బాణం గురి తప్పడం. నేనుండే నోవై ఊళ్ళోని తెలుగు చర్చిలో పాస్టర్ గారు పాపానికి గ్రీకులో ఇదే మాట అని చెప్పగా విన్నాను. ఒకసారి ఆ సంగతి ఆయనతో అన్నాను. ఆయన “పాపమైతే క్షమాపణ ఉంటుంది సిస్టర్. ఈ నాటకాల్లో అది లేదు” అన్నారు.

ఆ చలికాలంలో మంచు గట్టిగా పడుతున్న వారంలో మొదటి కేసు వచ్చింది. బైపాస్ అయిన మర్నాడే రోగికి ఛాతీ గాయం ఎర్రబడి, జ్వరం పెరిగి, బీపీ పడిపోయింది. ల్యాబ్‌లో గ్రూప్ ఎ స్ట్రెప్ అని తేలింది. మామూలుగా పిల్లలకు గొంతునొప్పి తెప్పించే క్రిమి ఇది. కొత్తగా కోసిన గాయంలోకి దిగితే మాత్రం గంటల్లో కండను తినేస్తుంది. ఆపరేషన్ గాయంలో ఇది కనబడిందంటే, దాదాపు ఎప్పుడూ లోపల పనిచేసే మనిషి నుంచి వచ్చినట్టే. ఆ మనిషికి జబ్బు ఉండదు, ఏ లక్షణమూ ఉండదు. క్రిమిని మోస్తున్నట్టు అతనికే తెలియదు. ఇలాంటివారిని మేము క్యారియర్లంటాం.

మొదటి రోగి సుబ్బారావు గారు. కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైనవారు. ఛాతీ మళ్ళీ తెరిచి శుభ్రం చేశారు. చచ్చి బతికారు. రెండో రోగి స్కూలు బస్సు నడిపే ఆవిడ. బతకలేదు.

రెండో కేసుతో విచారణ మొదలైంది. పద్ధతి సులభమే. రోగుల నుంచి తీసిన క్రిమిని పోల్చి చూడడానికి ల్యాబ్‌లో భద్రపరచాలి. రెండు ఆపరేషన్లలోనూ ఉన్నవాళ్ళ పేర్లు రికార్డు నుంచి తీయాలి. వాళ్ళ ముక్కు, గొంతు, ఒంటి మీద పుండ్లో పొలుసులో ఉంటే అవీ, ఇంకా చెప్పడానికి ఇబ్బందిగా ఉండే చోట్లూ స్వాబ్‌తో తుడిచి ల్యాబ్‌కు పంపాలి. స్ట్రెప్ దొరికితే, అది రోగుల్లో ఉన్న రకమేనా కాదా అన్నది రాష్ట్ర ప్రయోగశాల తేలుస్తుంది. దానికి వారాలు పడుతుంది. క్యారియరు దొరికితే యాంటీబయాటిక్ ఇస్తాం, మళ్ళీ స్వాబ్ తీస్తాం, క్రిమి పోయిందని తేలితే పనిలోకి పంపిస్తాం. పేరు బయటపెట్టం, శిక్ష వేయం. క్రిమిని మోయడం నేరం కాదు గనుక.

మాధవరావు గారికి ఈ ఆఖరి ముక్క నచ్చలేదు. బస్సు నడిపే ఆవిడ చనిపోయిన మర్నాడు విభాగం మీటింగు పెట్టారు. ఆ ఇంటివాళ్ళతో మాట్లాడి నేరుగా అక్కడికే వచ్చారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. క్రిమి ఎవరి దగ్గర దొరికినా, అది డాక్టరైనా సరే, ఊడ్చేవాళ్ళైనా సరే, వాళ్ళ పేరు ఇదే గదిలో చదువుతాననీ, ఆ మనిషి ఇక తన ఆపరేషన్ గదుల్లో కాలు పెట్టడానికి వీల్లేదనీ ప్రకటించారు. తర్వాత చొక్కా చేతులు మడిచి, అందరికంటే ముందు తన ముక్కు, గొంతు స్వాబ్ ఇచ్చారు. ఆయన పేరు ఆ రెండు ఆపరేషన్ల రికార్డులోనూ లేదు. ఇవ్వాల్సిన పని లేకపోయినా ఇచ్చారని అందరూ చప్పట్లు కొట్టారు.

మీటింగయ్యాక ఆయన గదికి వెళ్ళాను. ఇది నియమానికి విరుద్ధమనీ, భయపెడితే మనుషులు దాస్తారనీ చెప్పాను.

“దాచేవాడు మనకెందుకు సిస్టర్?” అన్నారు.

“దాచేవాడే కదా సార్ మనకి కావాల్సింది.”

ఆయన ముఖం మాడ్చుకున్నారు. “ఆవిడ భర్త నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. మీరేమో నాకు పాలసీ చదువుతున్నారు. వెళ్ళి మీ పని చూసుకోండి.”

మెడికల్ డైరెక్టర్ దగ్గరికి కూడా వెళ్ళాను. ఆయన నా మాట నిజమేనని ఒప్పుకుని, ఈ సమయంలో మాధవరావు గారితో తగువెందుకన్నారు. ఆసుపత్రికి ఉన్న పేరుప్రతిష్ఠలన్నీ తెచ్చింది మాధవరావు గారే మరి.

నేను భయపడ్డట్టే అయింది. కొంతమంది స్వాబ్‌కు ముందే తెలిసిన డాక్టర్ల చేత చీటీ రాయించుకుని, బయటి మందుల షాపుల్లో యాంటీబయాటిక్ కొని మింగారు. అలా మింగితే క్రిమి ఉన్నా, ల్యాబ్‌లో దాన్ని పెంచి చూసే కల్చర్‌లో కనబడదు. చేతి మీద దద్దుర్లున్న ఒక నర్సు సెలవు పెట్టేసింది. ఒంటి మీద పుండ్లు, పొలుసులు ఉన్నవాళ్ళు చెప్పాలని నోటీసు పెడితే ఒక్కరూ చెప్పలేదు. అంతమంది పనిచేసే చోట ఒక్కరికీ చర్మం మీద ఏమీ లేదంటే నేను నమ్మలేదు.

గొంతులో స్ట్రెప్ ఉందని తేలింది ఒక్క డెనీస్‌కే. ఆమె స్క్రబ్ టెక్. ఆపరేషన్ జరుగుతున్నప్పుడు పక్కన నిలబడి పనిముట్లు అందించే మనిషి. డెట్రాయిట్‌లో పుట్టి పెరిగింది, మాధవరావు గారికి పదిహేనేళ్ళ పైచిలుకు కుడిభుజంగా ఉంది. ఆమె మందులేమీ మింగకుండా నిజాయితీగా స్వాబ్ ఇచ్చినందుకే దొరికింది. రకం ఏదో తేలేదాకా ఆగమని ప్రాధేయపడ్డాను. ఆయన ఆగలేదు. మీటింగులో పేరు చదివారు. డెనీస్ లేచి, మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తనవాళ్ళను కూడా వదిలిపెట్టలేదని ఆ అంతస్తులో అందరూ ఆయన్ని ఇంకా ఎక్కువ గౌరవించారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత ఆయన ఒక సదస్సుకు శాంటా క్లారా వెళ్ళి, అటునుంచటే కొన్నాళ్ళు సెలవు తీసుకున్నారు. ఆ రోజుల్లో కొత్త కేసు రాలేదు. డెనీస్ వెళ్ళింది, పీడ వదిలింది అనుకున్నారు. ఈలోగా రాష్ట్ర ప్రయోగశాల నుంచి కబురొచ్చింది. రోగులిద్దరిలో ఉన్నది ఒకే రకం, డెనీస్ గొంతులోది వేరే రకం. ఆమెకు ఏ సంబంధమూ లేదు.

ఆయన తిరిగొచ్చిన రోజే చెప్పాను. డెనీస్‌ను వెనక్కి పిలవమన్నాను.

“అందరి ముందూ చదివాను సిస్టర్. ఇప్పుడు కాదంటే రేపు నా మాట ఎవడు వింటాడు? అసలు మనిషి దొరకనివ్వండి, అప్పుడు చూద్దాం.”

ఆ వారంలోనే మూడో కేసు వచ్చింది. హైస్కూలు పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పే కోచ్. నలభై దాటలేదు, ఇద్దరు చిన్నపిల్లలు. గుండె కవాటం బాగుచేశారు. అంతా చక్కగా జరిగింది. మర్నాడు సాయంత్రానికి అతను లేడు.

రికార్డులన్నీ మళ్ళీ ముందేసుకున్నాను. మూడు ఆపరేషన్లలోనూ ఉండి క్రిమిని మోస్తున్న మనిషంటూ ఎవరూ తేలలేదు. సర్జన్లు వేరు, మత్తు డాక్టర్లు వేరు. మూడింటిలోనూ పనిచేసిన ఒకరిద్దరికి రెండుసార్లు స్వాబ్ తీసినా ఏమీ లేదు. మనిషి లేకుండా క్రిమి రాదు. అంటే, గదిలోకి వచ్చి రికార్డుకెక్కని మనిషి ఎవరో ఉండాలి. ఆపరేషన్ గదిలో సిబ్బందిని అడిగితే, పనిచేసినవాళ్ళ పేర్లే చెప్పారు. మా శాఖలో వేసే ప్రశ్న కూడా అదే, ఎవరు పనిచేశారు అని. ఇక మిగిలింది బతికి బయటపడ్డ రోగి ఒక్కరే.

సుబ్బారావు గారింటికి వెళ్ళాను. మా ఇంటికి దగ్గరే, నోవైలోనే. మంచు ఊడ్చని వాకిట్లో జాగ్రత్తగా నడిచి లోపలికెళితే, ఆయన ఛాతీకి దిండు హత్తుకుని కూర్చున్నారు. మత్తు ఇచ్చేముందు ఆ గదిలో ఎవరెవర్ని చూశారో గుర్తున్నంతవరకు చెప్పమన్నాను.

“మాస్కులేసుకుంటే ఎవరెవరో ఏం తెలుస్తుందమ్మా? పెద్ద డాక్టరు గారు ఒక్కరే తెలిశారు. మనవాళ్ళు కదా.”

“మాధవరావు గారా? మీ ఆపరేషన్ ఆయన చెయ్యలేదు కదండీ.”

“చెయ్యలేదు. ఊరికే వచ్చారు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి, వంగి చెవిలో ‘ఏం భయం లేదు, మా పిల్లలు బాగా చేస్తారు’ అన్నారు. అందరికీ అలాగే చేస్తారటమ్మా, మీకు తెలీదా? దేవుడి లాంటి మనిషి.”

నాకు తెలియదు. నా ఆఫీసు బేస్‌మెంట్‌లో ఉండేది, ఆపరేషన్ మొదలయ్యే వేళ పైకి వెళ్ళే పని పడేది కాదు. తెలిసినవాళ్ళెవరూ చెప్పలేదు, ఎందుకంటే వాళ్ళ దృష్టిలో అది గదిలోకి రావడం కిందికే రాదు. చీఫ్ వచ్చి రోగిని ఆశీర్వదించి పోతారు. ఎన్నో ఏళ్ళుగా ప్రతి పెద్ద ఆపరేషన్ ముందూ జరిగేదే. ఆయన పనిముట్టు పట్టుకోరు కాబట్టి పేరు రాయరు. సొంత ఆపరేషన్లకు ఆయన తల, చెవులు, మెడ పూర్తిగా కప్పే హుడ్ వేసుకునేవారు. ఆశీర్వదించడానికి వచ్చినప్పుడు మాత్రం గుడ్డతో కుట్టిన చిన్న టోపీ ఒకటి పెట్టుకునేవారు. దాని కింద నుంచి వెనక జుట్టంతా బయటికే ఉండేది. ఆ టోపీతో పరికరాలు పరిచిన బల్లకు అడుగు దూరంలో రోగి మీదికి వంగేవారు.

మర్నాడు ఉదయం ఆయన గదికి వెళ్ళి తలుపు వేశాను. సుబ్బారావు గారు చెప్పింది చెప్పాను. ఆయన టోపీ తీసి, తల వంచి చూపించారు. చెవుల వెనక నుంచి మెడ దాకా తెల్లటి పొలుసులు. సోరియాసిస్. అక్కడక్కడ పగిలి చెమ్మగా ఉంది. ఎన్నో ఏళ్ళుగా సొంతంగా మందు రాసుకుంటున్నారు, ఎవరికీ చెప్పలేదు.

“తీసుకోండి సిస్టర్” అన్నారు. స్వాబ్ తీశాను. ఆయన తల కదల్చలేదు.

రెండో రోజుకు కల్చర్‌లో స్ట్రెప్ పెరిగింది. రకం తేలేదాకా ఆయన్ని విధులకు దూరంగా ఉంచాం. ఈసారి రాష్ట్ర ప్రయోగశాల తొందరగా చెప్పింది. ముగ్గురు రోగుల్లో ఉన్నదే ఆయన తల మీదా ఉంది. ఆశీర్వదించడానికి వంగినప్పుడు రాలిన పొలుసులతో అది పరికరాల మీదికి చేరింది.

మెడికల్ డైరెక్టర్ ఆయన్నీ నన్నూ పిలిచి నియమం గుర్తుచేశారు. మందు వాడి, క్రిమి పోయిందని తేలాక మామూలుగా పనిచేసుకోవచ్చు, పేరు ఎవరికీ తెలియనక్కర్లేదు. అదే నియమం డెనీస్ విషయంలో డైరెక్టర్ గారికి గుర్తు రాలేదు. అయినా ఆయన చెప్పింది సరైన నియమమే, నేనూ అదే చెప్పాను.

మాధవరావు గారు ఒప్పుకోలేదు. ఆ వారం మీటింగులో తన పేరు తనే చదివారు. ఎలా జరిగిందో ఏమీ దాచకుండా చెప్పారు. డెనీస్ నిర్దోషి అని ముందే తెలిసినా వెనక్కి పిలవలేదని కూడా చెప్పారు. కొందరు ఏడ్చారు, ఒక సర్జన్ లేచి మీ తప్పేం లేదని అనబోయాడు. ఆయన చేత్తో ఆపారు. అదే రోజు రాజీనామా చేశారు. డెనీస్‌కు ఆయనే స్వయంగా ఫోన్ చేశారు. ఆమె అప్పటికే వేరే ఊళ్ళో డయాలిసిస్ సెంటర్‌లో చేరిపోయింది. మొత్తం విని, “థాంక్యూ డాక్టర్” అని పెట్టేసిందట. ఆసుపత్రివాళ్ళు మూడుసార్లు పిలిచినా తిరిగి రాలేదు.

గది ఖాళీ చేసే రోజున నన్ను పిలిపించారు. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దేసి ఉన్నాయి.

“ఒక్కటి అడుగుతాను సిస్టర్. మొహమాటానికి చెప్పొద్దు. ఇందులో విధి ఎంత, నేనెంత?”

“తల మీద క్రిమి మీరు తెచ్చుకున్నది కాదు సార్. సుబ్బారావు గారు, ఆ బస్సు ఆవిడ, వాళ్ళిద్దరూ మీ లెక్కలోకి రారు.”

“కోచ్?”

నేను నోరు తెరిచేలోపే ఆయనే అందుకున్నారు.

“చర్మం సంగతి చెప్పమని మీరు నోటీసు పెట్టారే, అది చదువుతుంటే నా చెయ్యి తలమీదికి పోయింది. ఒక్క క్షణం అనిపించింది. అప్పటికే అందరి ముందూ ఆ మాట అనేశాను. అదేం కాదులే, రికార్డులో నేను లేనుగా అని సరిపెట్టుకున్నాను. నాకు అనుమానమే రాలేదని చెప్పను సిస్టర్.”

ఆయన మీద నాకు జాలి కలిగింది, కోపమూ వచ్చింది. ఆ రెండూ ఇప్పటికీ పోలేదు. అడిగినదానికి జవాబు చెప్పకుండా లేచి రావడం ఆయన్ని అవమానించినట్టవుతుందనిపించింది.

“కోచ్ మీ లెక్కలోకే వస్తాడు సార్” అన్నాను. ఆయన తల ఊపారు. తర్వాత ఆయన ఎక్కడా కత్తి పట్టలేదని విన్నాను.

ఈ ఉదంతం మా వృత్తికి సంబంధించి నాకు నేర్పింది రెండే విషయాలు. పెద్దవాళ్ళ రాకపోకలను ఎవరూ లెక్కలో వేయరు, ఎందుకంటే వాళ్ళు చేసే మంచి మాత్రమే అందరికీ కనిపిస్తుంది. శిక్ష ముందే ప్రకటించిన చోట నిజం ఆలస్యంగా బయటికొస్తుంది, ఎందుకంటే ఆ శిక్షకు అందరితో పాటు దాన్ని వేసినవాడు కూడా జడుస్తాడు. అందుకని రిటైరయ్యేదాకా నేను నడిపిన ప్రతి విచారణలో, గదిలోకి తొంగిచూసి వెళ్ళినవాళ్ళ పేర్లు కూడా రాయించాను. మొదటి స్వాబ్ అందరికంటే పై హోదాలో ఉన్నవారిదే, ముక్కు గొంతుతో సరిపెట్టకుండా పూర్తిగా తీయించాను. క్రిమి దొరికి, మందు పడి, పోయేంతవరకు శిక్ష అనే మాట ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఈ పద్ధతి ఆ చలికాలంలోనే ఉండి ఉంటే ఆ కోచ్ పిల్లలిద్దరికీ తండ్రి ఉండేవాడు.